ఏడేళ్ళోడు

ఆ షెడ్డులో కోత మిషనుకు దక్కిన మర్యాద మనుషులెవరికీ దక్కలేదు. పొద్దున్నే మేస్త్రి వచ్చి ముందు దాని ఇనుప బల్లను మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. బల్ల మధ్యలో సన్నటి చీలిక, ఆ చీలికలోంచి పైకి లేచే గుండ్రటి రంపం బ్లేడు. ప్లగ్గు పీకి ఉందో లేదో చూసుకుని, నమ్మకం కుదరక మళ్ళీ చూసుకుని, అప్పుడు బ్లేడు పళ్ళను ఒక్కొక్కటే వేలితో తడిమేవాడు. మూలమట్టం ఆనించి బ్లేడు నిటారుగా నిలబడిందో లేదో చూసేవాడు. చెక్క ఆనుకుని నడిచే పక్కపట్టీని బ్లేడుకు సమానంగా జరిపి బిగించేవాడు. మిషను కాళ్ళలో ఏదైనా ఒకటి ఆడుతోందనిపిస్తే కింద చిన్న చెక్క పేడు దోపేవాడు. చంటిపిల్లకు నీళ్ళు పోసే తల్లికి కూడా అంత ఓపిక ఉండదు. అంతా అయ్యాక నడుం నిమురుకుంటూ తలెత్తి, షెడ్డు ఊడుస్తున్న కొడుకును చూసేవాడు. అక్కడితో ఆ ఓపిక అయిపోయేది.

"ఏరా ఏడేళ్ళోడా, రంపపు పొట్టంతా నా కాళ్ళ మీదకే ఊడుస్తున్నావు. చీపురు పట్టుకోడానిక్కూడా వేళ్ళు చాల్లేదా?"

కొడుక్కి నలభై దాటాయి. ఎడమచేతికి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు లేవు. ఏడు వేళ్ళవాడు కాబట్టి ఏడేళ్ళోడు. బుద్ధికి ఏడేళ్ళ పిల్లాడు కాబట్టి కూడా ఏడేళ్ళోడే. ఈ రెండర్థాల పేరు పెట్టింది కన్నతండ్రి. పెట్టిన రోజున ముందుగా నవ్వింది కూడా ఆయనే. తరవాత పక్క షాపులవాళ్ళు, చెక్క తెచ్చే లారీ డ్రైవరు, చివరికి బీరువా చేయించుకోవడానికి మొదటిసారి వచ్చినవాళ్ళు కూడా అలాగే పిలవసాగారు. అతను పలికేవాడు. నోట్లో నాలుక లేని మనిషి.

అతనిది పుట్టుకతోనే ఎడమచేతివాటం. చిన్నప్పుడు ఆ చేతి మీద మేస్త్రి కొలబద్దతో కొట్టీ కొట్టీ కుడిచేతికి మార్చాలని చూశాడు. మారలేదు. వేళ్ళు పోయాక, "నేను మార్చలేనిది నా మిషను మార్చింది" అని పదిమందిలో చెప్పుకున్నాడు.

ఆ వేళ్ళు పోయిన కథ కూడా ఆయనే చెప్పేవాడు. "బ్లేడు మీద గార్డు ఉందండీ. మూతన్నమాట. అది ఉంటే పిల్లి తోకైనా తెగదు. గార్డు ఉండగా వేళ్ళు పోగొట్టుకున్న మొనగాడు లోకంలో మావాడొక్కడే!"

దానికి సాక్షి పక్క షాపు వెల్డరు. ఆ రోజు మేస్త్రి కేక విని పరుగెత్తుకొచ్చి, స్పృహ తప్పిన మనిషిని భుజాన వేసుకున్నది అతనే. గార్డు మిషను మీదే ఉందని, తన రెండు కళ్ళతో చూశానని అతనూ చెప్పేవాడు. ఆస్పత్రిలో డాక్టరు, ఇంకాస్త ముందు తెచ్చుంటే ఒక వేలైనా అతికించి చూసేవాళ్ళమన్నాడు. బండి దొరకలేదన్నాడు మేస్త్రి.

కోడలు కూడా ఆ కథే నమ్మింది. ఒకసారి భర్త చేతికి కట్టు మారుస్తూ అడిగింది. "గార్డు ఉండగా ఎలా తగిలిందండీ?"

"ఏమో. చూసుకోలేదు," అన్నాడతను.

ఆమె కట్టు ముడివేసింది. కానీ ఆ రోజు నుంచి మొగుడి మీద ఉన్న గౌరవం ఒక మెట్టు దిగింది. పెట్టిన అన్నం తిని, తిట్టిన తిట్లు పడి, గడప అవతల చెప్పులు సర్దుకునే మనిషిలా అతను కనిపించసాగాడు ఆమెకు.

తరవాత మేస్త్రి చేతులకు వణుకు పట్టుకుంది. మొదట పెన్సిలు గీత వంకరపోయింది. తరవాత మేకు మీద పడాల్సిన సుత్తి పక్కన పడింది. చెక్క పట్టుకుని మిషను ముందు నిలబడితే పలక అంచు పక్కపట్టీకి టకటకా కొట్టుకునేది. కొడుకేమో మిషను ముట్టుకోడు. ఊడవడం, గరుకు కాగితం పెట్టి రుద్దడం, వార్నిష్ వెయ్యడం, అంతే. జీతానికి పెట్టుకున్న పనివాళ్ళు ఒక్కరూ నిలబడలేదు. మేస్త్రి నోటిదూల అలాంటిది. చివరగా వచ్చినవాడు పనిముట్లు కింద పడేసి, "నీ మిషను బ్లేడుకన్నా నీ నాలుకకే పళ్ళు ఎక్కువ" అని తిట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు భోజనాల దగ్గర మేస్త్రి కంచంలోకి చూస్తూ అన్నాడు. "ఈ ఇంట్లో మగాడు లేడు కాబట్టి మిషను తుప్పు పట్టాల్సిందే."

"నేను నేర్చుకుంటాను మామయ్యా," అంది కోడలు.

ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆమె చేతులకేసి చూశాడు. ఆ చేతులు వణకడం లేదు. నవ్వు ఆపాడు.

"రేపు రా," అన్నాడు.

షెడ్డులో అడుగు పెట్టగానే మొదలైంది. "జుట్టు ముడేసుకో. చేతులు మోచేతి పైదాకా మడుచుకో. మెళ్ళో వేలాడేదేదీ ఉండకూడదు. ఉంగరం తీసెయ్."

ఆమె తటపటాయించింది.

"తియ్యమ్మా. తొడిగినవాడికే ఉంగరం పెట్టుకునే వేలు లేదు. నీకెందుకింక?"

ఉంగరం తీసి భర్త చేతికిచ్చింది. అతను దాన్ని జేబులో వేసుకుని ఊడవడానికి వెళ్ళబోయాడు. "నువ్వెక్కడికి? ఇక్కడే నిలబడు," అన్నాడు మేస్త్రి. "పాఠానికి బొమ్మ ఉండాలి కదా."

మేస్త్రి మనిషిగా ఎలాంటివాడైనా, పని చెప్పడంలో మాత్రం దాపరికం లేదు. బ్లేడును ముట్టుకునే ముందు ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గును కళ్ళెదుట పెట్టుకోమన్నాడు. బ్లేడు ఎంత పైకి లేపాలో చూపించాడు. చెక్క మందం మీద ఒక పన్ను ఎత్తు చాలు, అంతకంటే లేపితే తెగేది చెక్క కాదు. బ్లేడుకు ఎదురుగా నిలబడొద్దు, కాస్త ఎడమకు నిలబడు. చెక్క చివరికి వచ్చేసరికి చేత్తో తొయ్యొద్దు, తోపుడు కర్ర పెట్టి తొయ్యి. తెగిన ముక్క బ్లేడు పక్కన పడితే పడనీ, తిరుగుడు పూర్తిగా ఆగేదాకా దాని వైపు చూడనైనా చూడకు.

బ్లేడు వెనకాల నిలబడి ఉన్న పల్చటి రేకును గోటితో మీటి చూపించాడు. "దీన్ని చూసి చిన్నదే కదా అనుకోకు. చెక్కలో తడి ఉంటుంది, బిగువు ఉంటుంది. కోసిన చోట మళ్ళీ దగ్గరికి ముడుచుకుంటుంది. అలా ముడుచుకుని బ్లేడును పట్టుకుందనుకో, బ్లేడు దాన్ని ఎత్తి నీ మీదకి తంతుంది. గుర్రం తన్నినట్టే. నీ చెయ్యి ఆ చెక్క మీద ఉంటుంది, చెక్కేమో ఉండదు. చెయ్యి ఎక్కడికి పోతుంది? బ్లేడు మీదకే. ఈ రేకు మధ్యలో నిలబడి ముడుచుకోనివ్వదు."

తరవాత కొడుకు వైపు తిరిగాడు. "చెప్పరా. అమ్మాయికి చెప్పు. గార్డెందుకు?"

"చెయ్యి బ్లేడుకి తగలకుండా."

"తగిల్తే?"

అతను ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. "ఇలా అవుతుంది."

"వినపళ్ళేదు."

"ఇలా అవుతుంది నాన్నా."

ఇది రోజూ జరిగేది. పని మొదలుపెట్టే ముందు ఈ ప్రశ్న, ఈ జవాబు. మొదట్లో కోడలు తల దించుకునేది. తరవాత తరవాత అలవాటై, వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే తను పక్కపట్టీ సరిచేసుకునేది. ఒకరోజు అతను ఏదో ఆలోచిస్తూ జవాబు మరిచిపోతే, "చెయ్యి బ్లేడుకి తగలకుండా అని చెప్పండి, తెమలండి, చెక్కలు చాలా ఉన్నాయి," అని తనే విసుక్కుంది. మేస్త్రి కోడలి వైపు మెచ్చుకోలుగా చూశాడు. ఆ చూపు ఆమెకు నచ్చింది. అది నచ్చినందుకు ఆ పూట అన్నం సయించలేదు. మర్నాటికి అదీ సర్దుకుంది.

ఆమెకు పని వచ్చేసింది. మిషను చప్పుడును బట్టే బ్లేడు మొద్దుబారిందో, చెక్కలో ముడి తగిలిందో చెప్పగలిగేది. తొయ్యాల్సిన వేగం చేతికి తెలిసిపోయింది. కుర్చీలు, కిటికీ చట్రాలు, బల్లలు కొన్నాళ్ళు నడిచాక, సొరుగుల పని వచ్చింది. బట్టల షాపువాళ్ళకు గోడ పొడుగునా సొరుగులు కావాలి.

"సొరుగుకి అడుగు పలక కూర్చోవాలంటే, పక్క పలకల్లో గాడి తియ్యాలి," అన్నాడు మేస్త్రి. "గాడంటే చెక్క పూర్తిగా తెగకూడదు. బ్లేడు చెక్క లోపల్లోపలే నడవాలి. గార్డు ఉంటే దాని వెనక రేకు చెక్కకి అడ్డొస్తుంది. పీకెయ్. రేకు కూడా దాంతోపాటే వచ్చేస్తుంది."

ప్లగ్గు పీకి, పానా పట్టుకుని రెండు బోల్టులూ విప్పి, గార్డు తీసి పక్కన పెట్టింది. బ్లేడు దిగంబరంగా నిలబడింది. మేస్త్రి చెప్పినట్టే గాడులన్నీ తీసింది. అవయ్యాక మేస్త్రి, "ఇప్పుడా వెడల్పు పలకలు చీల్చు," అని, టీ తాగడానికి బయటికి నడిచాడు.

ఆమె పలక ఎత్తి బల్ల మీద పెట్టి, స్విచ్చు మీద చెయ్యి వెయ్యబోయి ఆగింది. బ్లేడు మీద మూత లేదు. వెనక రేకు లేదు.

పలక దించి గార్డు అందుకుంది. పెట్టడం తీసినంత సులువు కాదు. బోల్టులు సగం బిగించి, రేకు బ్లేడుకు సూటిగా వచ్చేలా జరిపి, మూలమట్టం ఆనించి, మళ్ళీ జరిపి, అప్పుడు గట్టిగా బిగించాలి. చాలాసేపు పట్టింది. బిగిస్తుండగా ఒక సంగతి తట్టింది. ప్లగ్గు గురించి పదే పదే చెప్పిన మనిషి, ఉంగరం దగ్గర్నుంచి చెప్పిన మనిషి, గాడి కోత అయ్యాక గార్డు మళ్ళీ పెట్టమని మాత్రం చెప్పలేదు. మరుపా? ఆయనకు మరుపు లేదు.

మేస్త్రి తిరిగొచ్చాక అడిగింది. "మామయ్యా, అప్పుడు మందుల షాపుకి చేసినవి కూడా సొరుగులే కదూ? ఈయనకి వేళ్ళు పోయిన రోజున?"

"చెక్కలు చూసుకో," అన్నాడాయన. ఆమె వైపు చూడలేదు.

సాయంత్రం షెడ్డు వెనక భర్త ఒక బల్లకు వార్నిష్ వేస్తున్నాడు. బ్రష్షు కుడిచేతిలో ఉంది. ఎడమచేతి బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య డబ్బా ఇరికించుకున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు గార్డు లేదు. అవునా?"

బ్రష్షు ఆగింది.

"పలక పెట్టేముందు నేను చూడలేదు. అది నిజమే," అన్నాడు. "పొద్దున్నంతా నాన్న గాడులు తీశాడు. ఆ పలకలు చీల్చెయ్యరా అన్నాడు. వచ్చి మొదలుపెట్టేశాను. తన్నింది. కింద పడ్డాక చూశాను. గార్డు బల్ల చివర, తోపుడు కర్ర పక్కనుంది. తరవాత ఇంకేం తెలీదు."

"మరెందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళూ ఊరంతా నవ్వుతుంటే? నేను కూడా..."

"మెలకువ వచ్చేసరికి నాన్న మంచం పక్కనే ఉన్నాడు. నెత్తి మీద చెయ్యేశాడు. నాకు తెలిసి ఎప్పుడూ వెయ్యలేదు. ఇలా నిమిరాడు." అతను కుడిచేత్తో గాలిలో నిమిరి చూపించాడు. "'గార్డు ఉంది కదరా,' అన్నాడు. 'ఉంది నాన్నా,' అన్నాను. అంతే."

"ఆ తరవాత?"

"చెయ్యి తీసేసి బయటికెళ్ళాడు."

ఆమెకు ఏడుపు రాలేదు. రాత్రి పడుకున్నాక కూడా ఆ రెండు బోల్టులే కళ్ళ ముందు తిరిగాయి. విప్పడం, జరపడం, మూలమట్టం, బిగించడం. అలా తిరుగుతుండగా వెల్డరు మాట గుర్తొచ్చింది. లేచి కూర్చుంది. భర్త నిద్రపోతున్నాడు. అతనికి ఇది తట్టలేదు. తట్టి ఉంటే అలా నిద్రపోలేడు.

రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు వెల్డరు ఏదో చెక్కముక్క కోసం షెడ్డులోకి వచ్చాడు. మనిషి కనిపిస్తే మేస్త్రికి హుషారు. "ఏడేళ్ళోడా, ఇటు రా. మీ అన్నకి పాఠం అప్పజెప్పు. గార్డెందుకు?"

భర్త నోరు తెరిచేలోగా కోడలు మిషను ఆపింది. బ్లేడు తిరుగుడు ఆగేదాకా ఆగి, వెల్డరు వైపు తిరిగింది.

"అన్నా, ఆ రోజు నువ్వొచ్చేసరికి గార్డు మిషను మీదే ఉందా?"

"ఉందమ్మా. ఎన్నిసార్లు చెప్పలేదూ?"

"వంకరగా ఉందా, సరిగ్గా ఉందా?"

"సరిగ్గానే ఉంది. రాయిలా బిగించుంది."

"ఈయన ఎక్కడున్నారు?"

"నేల మీద. రక్తం అక్కడిదాకా పారింది." ఎక్కడిదాకానో కాలితో చూపించాడు వెల్డరు. చూపిస్తూ చూపిస్తూ అతని ముఖం మారింది.

ఆమె మేస్త్రి వైపు తిరిగింది. "గాడులు మీరు తీశారు. గార్డు పీకింది మీరే. ఈయన పడిపోయేసరికి అది బల్ల చివరుంది. అన్న వచ్చేసరికి మిషను మీదుంది. మధ్యలో ఎప్పుడు బిగించారు మామయ్యా?"

భర్త చీపురు పట్టుకుని నిలబడిపోయాడు. మేస్త్రి వణికే చేతుల్ని చంకల్లో పెట్టుకున్నాడు. అబద్ధం ఆడతాడేమో అనుకుంది ఆమె. కానీ ఆయన తల ఎగరేశాడు.

"బిగించాను. అయితే ఏంటి? మిషను దగ్గరికొచ్చేవాడు ముందు మిషన్ని చూసుకోవాలి. నేను పీకింది గార్డు. వీడికి పుట్టుకతోనే లేనిది బుర్ర. వీడి తప్పుకి నా మిషనుకి చెడ్డపేరు రావాలా? మేస్త్రి గార్డు తీసేసి కొడుకు చెయ్యి కోశాడని ఊరు చెప్పుకోవాలా?"

"మనిషి కింద పడుంటే..." అన్నాడు వెల్డరు.

"ప్రాణం పోయే దెబ్బ కాదది. వేళ్ళేగా." చెక్కముక్క అక్కడే వదిలేసి వెల్డరు వెళ్ళిపోయాడు.

కొడుకు ఒక్క ప్రశ్న అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది.

"మూలమట్టం కూడా పెట్టి చూశావా నాన్నా?"

"చూశాను. వంకరగా బిగించడం నాకు చేతకాదు."

కొడుకు తలూపి, మిగిలిన పొట్టు ఊడ్చేసి, చెత్త బయట పోసి, చీపురు దాని చోటులో పెట్టాడు.

మర్నాడు కోడలు షెడ్డుకు వచ్చేసరికి మిషను దగ్గర భర్త ఉన్నాడు. వేళ్ళు పోయాక అతను దాన్ని ముట్టుకోవడం ఆమె చూడలేదు. రెండు బోల్టులూ విప్పి, గార్డును తీసుకెళ్ళి బల్ల చివర, తోపుడు కర్ర పక్కన పెట్టాడు. ప్లగ్గు పెట్టాడు. గుమ్మం దగ్గరకు వెళ్ళి పిలిచాడు.

"రా నాన్నా. పలక చీల్చాలి."

మేస్త్రి వచ్చి చూశాడు. బ్లేడును చూశాడు. కొడుకును చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు. కానీ ఎదురుగా కోడలు ఉంది. ఆమె ముందు వెనక్కి తగ్గడం ఆయనకు చావుతో సమానం.

"నాకు నువ్వు చెప్పేదేంట్రా?" అంటూ పలక అందుకున్నాడు.

"ఎదురుగా వద్దు. కాస్త ఎడమకి నిలబడు." కొడుకు తండ్రి భుజాలు పట్టుకుని మెల్లగా జరిపాడు. "చూశావా, ఏదీ మర్చిపోలేదు నేను." స్విచ్చు నొక్కాడు.

బ్లేడు కూత అందుకుంది. పలక పక్కపట్టీకి టకటకా కొట్టుకుంది. మేస్త్రి తొయ్యలేదు. తొయ్యకుండానూ ఉండలేదు. పలక అంచు బ్లేడుకు తగిలి కీచుమంది, వంకరగా ఎగిరింది. ముసలాయన చేతులు గాలిలో ఉండిపోయాయి. వాటికీ ఆ పళ్ళకూ మధ్య బెత్తెడు దూరం లేదు. కొడుకు స్విచ్చు ఆపాడు. ఆపే ముందు కాస్త ఆగాడు. ఆ ఆగడాన్ని కోడలు చూసింది.

మేస్త్రి పంచె తడిసింది. కాళ్ళ దగ్గర రంపపు పొట్టు ముద్దయింది.

కొడుకు నవ్వాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె అతని నవ్వు అంత పెద్దగా వినలేదు. తన పెదవులు కూడా సాగుతున్నాయని ఆమెకు తెలిసింది. దాచుకోలేదు. తగిన శాస్తి అనుకుంది.

రెండో రోజు కూడా పిలిచాడు. ఆ తరవాతి రోజు కూడా. ఒక్క పలకే, ఒక్కసారే. బ్లేడు ఆపేది మాత్రం అతనే, తనకు తోచినప్పుడు. "చెప్పు నాన్నా, గార్డెందుకు?" అని అడిగేవాడు. మేస్త్రి చెప్పేవాడు కాదు. తరవాత చెప్పసాగాడు. "వినపళ్ళేదు," అనేవాడు కొడుకు. తండ్రి గట్టిగా చెప్పేవాడు. భోజనాల దగ్గర ఇప్పుడు మాట్లాడేది కొడుకే. జోకులు వేసేవాడు, తనే నవ్వేవాడు. కోడలు వడ్డిస్తూ వినేది. మొదట తనూ నవ్వింది. తరవాత నవ్వు రాలేదు. ఆ నవ్వు ఎక్కడో విన్నట్టుండేది.

ఒకరోజు పొద్దున్నే ఆమె షెడ్డు తలుపు తీయబోతుంటే, గుమ్మం పక్కన మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతుల్లో ఒక పలక. ఇంకా ఎవరూ పిలవలేదు.

"వాడు లేచాడా?" అని అడిగాడు. బడిపిల్లాడు పంతులు వచ్చాడా అని అడిగినట్టు అడిగాడు.

ఆ పలకను ఆమె తీసుకుంది. ఆయన ఇవ్వడానికి భయపడ్డాడు, లాక్కోవాల్సి వచ్చింది. లోపలికి వెళ్ళి ప్లగ్గు పీకింది, గార్డు అందుకుని బిగించడం మొదలుపెట్టింది. బోల్టు సగంలో ఉండగా భర్త వచ్చాడు.

"దాన్ని పక్కన పెట్టు. నాన్న కోశాక పెట్టుకుందువు."

"ఇంక చాలండి."

"నీకు చాలేమో. నాకింకా మొదలే కాలేదు." అతను ముందుకొచ్చి గార్డు మీద తన రెండువేళ్ళ చెయ్యి వేశాడు. "నువ్వే కదా అందరి ముందూ అడిగింది? అడిగి వదిలేస్తే సరిపోతుందా? నాకు అడ్డం రాకు."

"అద్దంలో చూసుకున్నారా ఎప్పుడైనా, మీరు నవ్వేటప్పుడు?" అంది ఆమె. "మామయ్య నవ్వూ అదే. అచ్చు గుద్దినట్టుంది. నాకు ఇంట్లో ఒక మేస్త్రి చాలు. ఇద్దరితో వేగలేను."

అతను ఆమెను కొడతాడేమో అనిపించింది. చెయ్యి లేచింది కూడా. లేచిన చేతిని తనే చూసుకున్నాడు. బొటనవేలు, చిటికెనవేలు. దించేశాడు.

"ఈ షెడ్డులోకి ఇంక మీరూ రావద్దు, ఆయనా రావద్దు," అంది ఆమె బోల్టు బిగిస్తూ. "గరుకు కాగితం రుద్దడం, వార్నిష్ వెయ్యడం అన్నీ వెనకే. మిషను నాది."

"ఎవరిచ్చారు నీకు?"

"చేతులు," అంది. అన్నాక ఆ మాట ఎంత చేదుదో తెలిసింది. వెనక్కి తీసుకోలేదు.

అలా ఇద్దరూ బయటికి పోయారు. షెడ్డు గోడకు ఆనించి ఉన్న పొడుగు బల్ల మీద తండ్రీకొడుకులు కూర్చోవడం మొదలుపెట్టారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీతో. పని ఉన్నప్పుడు కొడుకు లేచి వెళ్ళి చేసి వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. వచ్చేపోయేవాళ్ళు ఇప్పుడు నేరుగా లోపలికే వెళ్ళి ఆమెతో మాట్లాడేవారు. ఏడేళ్ళోడా అని పిలిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వెల్డరు గుమ్మం తొక్కడమే మానేశాడు. మేస్త్రికి వణుకు మరీ ఎక్కువైంది. ముద్ద నోటికి చేరేది కాదు. గ్లాసు పట్టుకుంటే సగం ఒంటి మీదే పడేది. అన్నం కోడలు తినిపించేది. పని వేళల్లో టీ తాగించే వంతు కొడుకుది. అడగకుండానే అతను ఒప్పుకున్నాడు. మనిషి మెత్తబడ్డాడనుకుంది ఆమె.

ఒక మధ్యాహ్నం పొడుగు పలక చీలుస్తూ తలుపులోంచి బయటికి చూసింది. బల్ల మీద ఇప్పుడు మధ్యలో ఖాళీ లేదు. కొడుకు తండ్రి పక్కకు జరిగి గ్లాసు పట్టుకుని ఉన్నాడు. గ్లాసు ముసలాయన పెదవులకు కాస్త దూరంలో ఆగి ఉంది. మేస్త్రి మెడ సాచాడు. గ్లాసు అంతే వెనక్కి జరిగింది. కొడుకు వీధి వైపు చూస్తున్నాడు, తనకేమీ తెలియనట్టు.

"ఇవ్వరా బాబూ," అన్నాడు మేస్త్రి.

గ్లాసు కొద్దిగా ముందుకు వచ్చింది. ఆగింది.

పలక సగంలో ఉంది. దాన్ని వదిలేసి ఆమె కదలలేదు. కోత చివరిదాకా తోపుడు కర్రతో తోసింది, స్విచ్చు ఆపింది, బ్లేడు నిలిచేదాకా నిలబడింది, ప్లగ్గు పీకింది. ఆ తరవాతే బయటికి వచ్చి భర్త చేతిలోంచి గ్లాసు తీసుకుంది. అతను వదిలేశాడు.

"వేడిగా ఉందని ఆరబెడుతున్నాను," అన్నాడు.

గ్లాసు చల్లగా ఉంది. ఆమె ముసలాయన గడ్డం కింద చెయ్యి పెట్టి గ్లాసు పెదవులకు ఆనించింది. ఆయన ఆత్రంగా రెండు గుక్కలు మింగి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కోడలి వైపు కింద నుంచి పైకి చూశాడు. ఆ కళ్ళల్లో పాత మేస్త్రి ఇంకా చావలేదు.

"చక్కెర తక్కువైంది," అన్నాడు. "ఈ ఇంట్లో టీ పెట్టడం కూడా నేనే నేర్పాలా?"

కొడుకు చప్పుడు లేకుండా నవ్వాడు. ఆమె గ్లాసులో మిగిలిందంతా వాళ్ళిద్దరి కాళ్ళ ముందు నేల మీద పారబోసి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.